ఆదాయం, జాతి, ఆడవాళ్ల బరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

మహిళా సంఘాల సమావేశాల్లో ఆహారం, బరువు గురించి మాట్లాడుతుంటాను. ఎక్కడికెళ్లినా దాదాపు ఇవే ప్రశ్నలు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసినా ఇవే అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసింది చదువుకోండి.

## ముందుగా వచ్చే సందేహాలు

కలిగినవాళ్లే కదా లావుగా ఉంటారు? లేనివాళ్లు లావెక్కడమేంటి?

మన అమ్మమ్మల కాలంలో అది నిజమే. "కాస్త ఒళ్లు చేసింది" అంటే ఆ ఇంట్లో తిండికి లోటు లేదని, "చిక్కిపోయింది" అంటే ఏదో కష్టం వచ్చిందని అర్థం. పేద దేశాల్లో ఇప్పటికీ చాలావరకు ఇదే లెక్క. సంపన్న దేశాల ఆడవాళ్లలో మాత్రం తిరగబడింది. జెఫ్రీ సోబల్, ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో 144 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. పేద దేశాల్లో డబ్బున్న ఆడవాళ్లు లావుగా ఉన్నారు, సంపన్న దేశాల్లో డబ్బు లేని ఆడవాళ్లు లావుగా ఉన్నారు. దేశం ఎదిగేకొద్దీ బరువు పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతుందన్నమాట. 2004లో కార్లోస్ మాంటెయిరో బృందం 37 దేశాల లెక్కలు చూసి, తలసరి జాతీయాదాయం సుమారు 2,500 డాలర్లు దాటాక ఆడవాళ్లలో ఈ మలుపు కనిపిస్తోందని చెప్పింది. అంటే దేశం బాగా ధనికం అయ్యేదాకా ఆ మలుపు వేచి ఉండదు.

బీఎంఐ అంటే ఏంటి? దాన్ని నమ్మొచ్చా?

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య. 155 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్నామెకు దాదాపు 25 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త కెట్లే తయారుచేశాడు. దానికి బీఎంఐ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. వేలమందిని కలిపి చూసేటప్పుడు బాగా పనికొస్తుంది. మీ ఒక్కరి సంగతికి వచ్చేసరికి కొవ్వు ఎంత, కండ ఎంత, ఆ కొవ్వు పొట్ట చుట్టూ ఉందా తొడల్లో ఉందా అన్నది ఇది చెప్పదు. జాతుల మధ్య పోలికలు చదివేటప్పుడు ఈ లోపం బాగా గుర్తుంచుకోవాలి.

సామాజిక ఆర్థిక స్థితి అంటే జీతమేనా?

జీతం అందులో ఒక భాగమే. చదువు, చేసే పని, సొంత ఆస్తి, ఉంటున్న పేట కూడా అందులోకే వస్తాయి. ఇవన్నీ కలిసి నడవాలని లేదు. డిగ్రీ ఉండి జీతం లేని గృహిణి ఉంటుంది, చదువు లేకున్నా ఊళ్లో పొలం ఉన్న ఆసామి భార్య ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది: సర్వేలో "కుటుంబ ఆదాయం" అని రాసుకున్న డబ్బు ఆమె చేతికి వస్తుందో లేదో ఎవరూ అడగరు. ఆడవాళ్ల బరువుకు ఆదాయం కంటే చదువుతోనే ముడి గట్టిగా కనిపించిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. నాకు అది సహజంగానే అనిపిస్తుంది.

మగవాళ్లలో ఇలా ఉండదా?

ఇంత స్పష్టంగా ఉండదు. అమెరికాలో నల్లజాతి మగవాళ్లలోనైతే ఆదాయం ఎక్కువున్న వర్గంలోనే ఊబకాయం ఎక్కువ.

## అమెరికా లెక్కలు

అమెరికాలో ఏ వర్గం ఆడవాళ్లలో ఊబకాయం ఎంత?

2017-18 జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే ప్రకారం నల్లజాతి మహిళల్లో 56.9 శాతం, హిస్పానిక్ (లాటిన్ అమెరికా, స్పానిష్ మూలాలున్న) మహిళల్లో 43.7 శాతం, తెల్లజాతి మహిళల్లో 39.8 శాతం, ఆసియా మూలాలున్న మహిళల్లో 17.2 శాతం. ఇక్కడ ఊబకాయం అంటే బీఎంఐ 30, ఆపైన. ఇవి నోటిమాటగా చెప్పిన బరువులు కావు, మనుషుల్ని నిలబెట్టి తూచి, ఎత్తు కొలిచి తేల్చినవి. కాబట్టి అంకెలను నమ్మొచ్చు. వాటికి చెప్పుకునే కారణాల దగ్గరే జాగ్రత్త కావాలి.

డబ్బు పెరిగితే ఏ జాతి ఆడవాళ్లకైనా బరువు తగ్గుతుందా?

లేదు. 2011-14 లెక్కల్లో అమెరికా ఆడవాళ్లను ఆదాయాన్నిబట్టి మూడు వర్గాలు చేశారు. అట్టడుగు వర్గంలో 45.2 శాతం మందికి, మధ్య వర్గంలో 42.9 శాతం మందికి, పై వర్గంలో 29.7 శాతం మందికి ఊబకాయం ఉంది. దీన్ని చూసి "డబ్బుంటే సన్నబడతారు" అనేస్తాం. అదే లెక్కను జాతులవారీగా విడదీస్తే కథ మారిపోతుంది. తెల్లజాతి మహిళల్లో ఆదాయంతో పాటు ఊబకాయం స్పష్టంగా తగ్గింది. హిస్పానిక్, ఆసియా మహిళల్లో అటువైపే మొగ్గు ఉన్నా అంత గట్టిగా లేదు. నల్లజాతి మహిళల్లో ఆదాయ వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడాయే లేదు. అంటే జీతం పెరిగితే తెల్లజాతి స్త్రీ శరీరానికి అందుతున్న మేలు నల్లజాతి స్త్రీ శరీరానికి అందడం లేదు. ఈ విషయంలో నేను పదేపదే చెప్పే మాట ఇదొక్కటే: డబ్బు నేరుగా ఒంటికి పట్టదు. తీరిక, పేట, పని, గౌరవం అనే దారుల్లోంచి రావాలి. ఆ దారులు అందరికీ ఒకేలా తెరిచి లేవు.

నల్లజాతి మహిళల్లో డబ్బున్నా ఊబకాయం ఎందుకు తగ్గడం లేదు? జన్యువులా?

జన్యువులకు మనిషి బరువులో పాత్ర ఉంది. కానీ జన్యువులు రెండు తరాల్లో మారవు, అమెరికాలో ఊబకాయం మాత్రం 1970ల చివరి నుంచి అన్ని జాతుల్లోనూ విపరీతంగా పెరిగింది. అందుకే ముందు చుట్టూ ఉన్న పరిస్థితులను చూడాలి.

మొదటిది ఆస్తి. ఒకే జీతం తెచ్చుకునే రెండు కుటుంబాల్లో నల్లజాతి కుటుంబానికి పొదుపు, సొంతిల్లు, తాతల నుంచి వచ్చిన ఆస్తి చాలా తక్కువ. 1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లజాతి వాళ్లుండే పేటలకు ఎర్ర రంగు వేసింది. "ఇక్కడ అప్పివ్వడం ప్రమాదం" అని దానర్థం. ఆ పేటల్లో చాలావాటిలో ఈరోజుకీ పార్కులు తక్కువ, చెట్లు తక్కువ. జీతం పెరిగినా మంచి పేటకు మారడం వాళ్లకు అంత సులువు కాలేదు.

రెండోది ఏళ్లతరబడి మోసే టెన్షన్. ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ఒక మాట ప్రతిపాదించింది. ఎండకూ వానకూ నిలబడి గోడ పెచ్చులూడినట్టు, వివక్షను రోజూ భరించే శరీరం వయసుకంటే ముందే అరిగిపోతుందని దాని సారం. చదువుకుని, పెద్ద ఉద్యోగంలో చేరి, ఆ ఆఫీసులో ఒంటరిగా నెగ్గుకొచ్చే స్త్రీకి ఆ టెన్షన్ తగ్గకపోగా పెరగవచ్చు. నిద్ర చాలకపోవడం, ఒత్తిడి హార్మోన్లు, ఆకలి ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మూడోది అందం మీద ఉన్న అభిప్రాయం. తెల్లజాతి ఉన్నత వర్గాల్లో సన్నగా ఉండటం హోదాకు గుర్తు. నల్లజాతి సమాజంలో నిండైన శరీరాన్ని తక్కువగా చూడరు, కాబట్టి సన్నబడాలన్న ఒత్తిడి తక్కువ. ఇందులో ఆ అమ్మాయిల మనసుకు మేలు కూడా ఉంది, దీన్ని లోపంగా చూడొద్దని నా మనవి.

పేదరికం వల్ల లావవుతారా? లావుగా ఉండటం వల్ల పేదలవుతారా?

రెండూ జరుగుతాయి.

రెండోది ముందు చెప్తాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆర్థికవేత్త జాన్ కాలీ 2004లో అమెరికా జీతాల లెక్కలు పరిశీలించాడు. తెల్లజాతి మహిళల్లో సుమారు 29 కిలోల బరువు తేడాకు జీతంలో 9 శాతం కోత కనిపించింది. మూడేళ్ల అనుభవం వల్ల పెరిగే జీతం ఎంతో, ఆ కోత దాదాపు అంత. నల్లజాతి, హిస్పానిక్ మహిళల్లో ఈ ముడి ఇంత గట్టిగా లేదు. అంటే తెల్లజాతి స్త్రీలలో బరువుకూ పేదరికానికీ మధ్య కనిపించే సంబంధంలో కొంత వివక్ష చేసిన పనే. లావుగా ఉన్న అమ్మాయిని ఉద్యోగంలో, పెళ్లిలో వెనక్కి నెట్టి, తర్వాత "పేదవాళ్లు లావుగా ఉంటారు" అని లెక్క రాసుకుంటున్నాం.

ఇక మొదటిది. దీనికి అమెరికా ప్రభుత్వం చేసిన ఒక ప్రయోగం అరుదైన సాక్ష్యం. 1994 నుంచి 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో కడు పేద పేటల్లోని ప్రభుత్వ ఇళ్లలో ఉండే 4,498 కుటుంబాలను లాటరీ తీశారు. ఎక్కువమంది నల్లజాతి, హిస్పానిక్ తల్లులు. కొందరికి పేదరికం 10 శాతం కంటే తక్కువున్న పేటలో అద్దెకు వెళ్లడానికి వోచర్ ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. పది పదిహేనేళ్ల తర్వాత వెళ్లి ఆ ఆడవాళ్లను తూచారు. ఆ వోచర్ అందినవాళ్లలో బీఎంఐ 35 దాటినవాళ్లు 4.6 శాతం పాయింట్లు, 40 దాటినవాళ్లు 3.4 శాతం పాయింట్లు తక్కువున్నారు. మధుమేహం కూడా తగ్గింది. వీళ్లకు ఎవరూ డైట్ చార్టు ఇవ్వలేదు, జిమ్‌కు పంపలేదు. సంపాదన కూడా పెద్దగా పెరగలేదు. మారింది ఉన్న పేట. అది లాటరీ కాబట్టి "క్రమశిక్షణ ఉన్నవాళ్లే వెళ్లి ఉంటారు" అనే మాటకు తావు లేదు.

పేదవాళ్లు చిప్స్, కూల్‌డ్రింక్ మానేసి పండ్లు కూరగాయలు కొనుక్కోవచ్చు కదా?

ఒక్కసారి డబ్బు లెక్క వేయండి. పది రూపాయలకు వచ్చే ఆకలి తీరే శక్తి నూనె, చక్కెర, పిండి పదార్థాల్లో ఎక్కువ, ఆకుకూరలో చాలా తక్కువ. అమెరికాలోనైనా అమలాపురంలోనైనా ఇదే. ముగ్గురు పిల్లల కడుపు నింపాల్సిన తల్లి ముందుగా చూసేది కడుపు నిండుతుందా లేదా అనే. కూరగాయలు కడిగి, తరిగి, వండటానికి గంట కావాలి, రెండు ఉద్యోగాలు చేసే ఆమెకు ఆ గంట లేదు. ఇక పిల్లలు తినకుండా వదిలేస్తే ఆ డబ్బు నేలపాలు. అందుకే తప్పకుండా తినేదే కొంటుంది. అది తెలివితక్కువతనం కాదు.

## ఇంకొన్ని దేశాలు

లావుగా ఉంటేనే అందం అనుకునే చోట ఏం జరుగుతుంది?

మౌరిటేనియాలో పెళ్లికి ముందు ఆడపిల్లలకు బలవంతంగా పాలు, ధాన్యం తాగించి, తినిపించి లావు చేసే ఆచారం ఉంది. భార్య లావుగా ఉంటే భర్త కలిగినవాడని లెక్క. దక్షిణాఫ్రికాలో 2016 జాతీయ సర్వే ప్రకారం 68 శాతం మంది మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు, మగవాళ్లలో అది 31 శాతం. ఆ దేశంలో ఎయిడ్స్ విజృంభించిన ఏళ్లలో ఒక స్త్రీ చిక్కిపోతే ఇరుగుపొరుగు "ఆ జబ్బేనేమో" అని గుసగుసలాడేవాళ్లు. అలాంటి చోట సన్నబడమని సలహా ఇస్తే ఎవరు వింటారు? మన దగ్గర టీబీ విషయంలో ఇలాంటి భయాన్ని నేను చాలా ఇళ్లలో చూశాను.

## మన దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆడవాళ్ల పరిస్థితి ఏంటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్లు 2005-06లో 12.6 శాతం. 2015-16లో 20.6, 2019-21లో 24 శాతం. ఆ చివరి సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. రెండూ దేశ సగటు కంటే బాగా పైనే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. అంటే ఒంట్లో కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు మన మధ్య బోలెడుమంది ఉన్నారు. కడుపు నిండుతోంది, కానీ అందులో అన్నం వాటా ఎక్కువ, పప్పు, గుడ్డు, ఆకుకూర వాటా తక్కువ.

దేశంలో ఇప్పటికీ ఆస్తి పెరిగేకొద్దీ అధిక బరువు పెరుగుతూనే ఉంది, మలుపు పూర్తి కాలేదు. కానీ పట్టణాల్లో, ముందున్న రాష్ట్రాల్లో అది కింది వర్గాలకూ పాకుతోంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె రోజంతా కష్టపడుతుంది. అయినా లావుగానే ఉంది, ఎందుకు?

మా కాలనీలో నాలుగిళ్లలో పనిచేసే ఒకామెను ఒకరోజు కూర్చోబెట్టి, పొద్దున్నుంచి ఏం తిన్నదీ అడిగాను. ఐదున్నరకు ఇంట్లో టీ. మొదటి ఇంట్లో టీ, రెండో ఇంట్లో టీతో పాటు నిన్న మిగిలిన ఉప్మా, మూడో ఇంట్లో మళ్లీ టీ. ఒక్కో గ్లాసులో రెండు చెంచాల చక్కెర. "వద్దంటే ఏమనుకుంటారో అమ్మా" అంది. మధ్యాహ్నం మూడింటికి ఇంటికెళ్లి పెద్ద పళ్లెం నిండా అన్నం, చారు, పచ్చడి. రాత్రి మళ్లీ అన్నం. ఎనిమిది చెంచాల చక్కెర, రెండుపూటలా తెల్లన్నం, పప్పు వారానికి రెండుసార్లు. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేస్తుంది, మోకాళ్ల నొప్పులు.

ఆమె తల్లి నాట్లు వేసేది, కలుపు తీసేది, రోకలితో దంచేది. అన్నం అంతే తినేది, కానీ అది అరిగేది. ఈమెకు పని ఉంది, అయితే అది గదిలో వంగి లేచే పని. నడుము విరుస్తుంది కానీ ఒంట్లో కొవ్వును అంతగా కరిగించదు. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే: రెండిళ్లలో టీ బదులు మజ్జిగ అడగమని. ఆ రెండిళ్లవాళ్లకూ నేనే ఫోన్ చేశాను. పనామెకు మిగిలిన ఉప్మాకు బదులు ఒక ఉడికించిన గుడ్డు పెట్టగలిగితే పెట్టండి, ఇది ఏ డైట్ చార్టు కన్నా మేలు.

మన దగ్గర కులం, తెగనుబట్టి తేడాలున్నాయా?

ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గిరిజన మహిళల్లో అధిక బరువు తక్కువ, బక్కచిక్కి ఉండటం ఎక్కువ. నల్లమల చెంచు గూడేల్లో ఈరోజుకీ సమస్య తిండి చాలకపోవడమే. అందుకని బరువు తగ్గించుకోమనే ప్రచారాన్ని అక్కడికి యథాతథంగా తీసుకెళ్లడం అన్యాయం. దీన్ని పుట్టుకతో వచ్చిన తేడాగా కాకుండా భూమి, అడవి, రోడ్డు, రేషన్ ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్న తేడాగా చదవండి.

అమెరికాలో ఉన్న తెలుగు ఆడవాళ్లం చాలామంది సన్నగానే ఉన్నాం. మాకు ఇబ్బంది లేనట్టేనా?

ఈ ధీమా వద్దు. ఆసియా మహిళల్లో 17.2 శాతం అన్న అంకె చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్, భారత్ మూలాలన్నిటినీ ఒకే గంపలో వేసిన సగటు. పైగా అది బీఎంఐ 30తో కొలిచింది.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు, పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. వాళ్లు మగవాళ్లే అయినా సంగతి మనందరికీ వర్తిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లోని దక్షిణాసియా వాళ్ల మీద జరుగుతున్న "మసాలా" అనే పేరున్న అధ్యయనంలోనూ మనవాళ్లకు కాలేయంలో కొవ్వు ఎక్కువని, కండ తక్కువని తేలింది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ 23 నుంచే షుగర్ పరీక్షలు చేయించుకోమంటుంది. అక్కడి డాక్టరుకు ఇది గుర్తుండకపోవచ్చు. "మా వాళ్లకు 23 నుంచే చూస్తారు కదా" అని మీరే అడగండి, మొహమాటపడకండి.

## ఇంట్లో, డాక్టర్ దగ్గర

డాక్టరు "బరువు తగ్గమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నేను ఇంకేం అడగాలి?

నడుము కొలత, రక్తపోటు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ గురించి అడగండి. నెలసరి క్రమం తప్పుతుంటే అది చెప్పండి. నిద్ర ఎన్ని గంటలో, ఏ షిఫ్టులో పనిచేస్తారో, వంట ఎవరు చేస్తారో కూడా చెప్పండి. ఇవి సొంత విషయాలని దాచుకోవద్దు, మీ బరువుకు కారణాలు చాలావరకు వీటిలోనే ఉంటాయి. మాట్లాడుతుంటే చిన్నబుచ్చే డాక్టరైతే వేరే డాక్టరును చూసుకోండి. అవమానం వల్ల ఎవరూ సన్నబడరు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారు, అంతే.

మా అత్తయ్య అందరి ముందూ మా అమ్మాయిని "లావైపోయింది, సంబంధాలు రావు" అంటున్నారు. ఏం చేయాలి?

"అత్తయ్యా, మీకు ఏమనిపించినా నాకు చెప్పండి, పిల్లకు వద్దు" అని మీరే పక్కకు పిలిచి చెప్పండి. అందరి ముందూ చెబితే గొడవవుతుంది. ఇంట్లో తిండి మార్చాలంటే అందరికీ మార్చండి, ఆ పిల్ల ఒక్కదాని పళ్లెంలో కోత పెట్టకండి. దొంగచాటుగా తినడం అక్కడే మొదలవుతుంది.

ఇంట్లోనే నడుము కొలుచుకోవాలంటే ఎక్కడ కొలవాలి?

టైలరు టేపు చాలు. చీర కుచ్చిళ్లు లేదా పంజాబీ డ్రెస్ నాడా కట్టే చోట కొలవద్దు, అక్కడ కొలత సరిగ్గా రాదు. పక్కన చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో తడిమి చూడండి, కింద తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూడండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాగొద్దు, మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే, బీఎంఐ ఎంతున్నా సరే, ఒకసారి షుగర్, రక్తపోటు చూపించుకోండి.